ఓడమ్మకు కట్టిన ముడుపు

పూండి స్టేషన్లో దిగి కర్రివానిపేట పోవాలంటే, ఆ రోజుల్లో ఆటోవాడు "మునుగు పోలారావు ఊరికా?" అని ఎదురడిగేవాడు. అలాగని పోలారావు సర్పంచి కాదు, మోతుబరి అసలే కాదు. ఎకరంన్నర కొబ్బరి, దాన్ని ఆనుకుని నాలుగు జీడిమామిడి చెట్లు, ఒక గేదె, నోరున్న భార్య. పేరుకి రైతు. నేల మీద రాని పేరు అతనికి నీళ్ళ కింద వచ్చింది.

చిన్నప్పుడు ఎవరి నూతిలో చేద జారిపడినా అతనికే కబురు వచ్చేది. గాలం వేసి గంటసేపు గెలకడం ఎందుకు, పోలిగాణ్ణి దింపితే సరి అనేవారు. వాడు ఊపిరి బిగబట్టి దూకేవాడు, అడుగంతా కాళ్ళతో తడిమేవాడు, చేదతో పైకొచ్చేవాడు. ఒకసారి పెద్దరైతు గారి నూతిలోంచి చేదతోపాటు ఒక ఇత్తడి బిందె కూడా తెచ్చాడు. అది నాలుగేళ్ళ కిందట పోయిన బిందె. దాన్ని ఎత్తుకుపోయిందని అప్పలనరసమ్మ అనే పనిమనిషిని ఆ ఇంట్లోంచి గెంటేశారు కూడా. ఆ వేళ అప్పలనరసమ్మ నూతి గట్టు మీదే కూలబడి ఏడ్చింది. అప్పటినుంచి ఊళ్ళో ఒక మాట పుట్టింది, పోలారావు నీళ్ళలోంచి అబద్ధం తేడని. మంచి పేరే. కానీ అలాంటి పేరు ఎత్తిన బుట్ట లాంటిది, దించుకునే చోటు దొరకదు.

ఊరికి ఎదురుగా, ఒడ్డుకి మైలు దూరంలో, ఆరు బారల లోతున ఒక ఓడ ఉంది. దొరల కాలంలో రంగం, అంటే రంగూన్, వెళ్ళే పొగ ఓడ అది. కూలికి పోయే జనంతో, బియ్యం బస్తాలతో పోతూ పోతూ తుపానులో మునిగిందంటారు. ఏ ఏడాది అంటే మాత్రం "మా తాతకి మీసాలు రానప్పుడు" అంటారు. ఆ ఇనుము చేపలకి ఇల్లయింది. ఎప్పుడు వల వేసినా అక్కడ చేప ఉంటుంది. తిండి పెట్టేది తల్లి కాక మరేమవుతుంది? ఓడ కాస్తా ఓడమ్మ అయింది.

చిక్కల్లా ఏమిటంటే, చేప ఉంది కదా అని వల వేస్తే అది ఇనుముకి తగులుకుంటుంది. దిగి విడిపిద్దామంటే కట్టుబాటు అడ్డం. సముద్రాన్ని నమ్ముకున్నవాడు అమ్మ మీద కాలు మోపకూడదు. ఊరి అంచున జాలర్లుండే వలపేట పెద్దలు నాలుగు రోజులు ఆలోచించి, రైతుల పిల్లాడికి కట్టుబాటేముంది అన్నారు. అలా పంతొమ్మిదో ఏట పోలారావు సముద్రంలోకి దిగాడు. వల విడిపించిన రోజు వేటలో అతనికో వాటా. "కొబ్బరి సెట్టెక్కవలిసినోడు సముద్రం దిగుతున్నాడు, ఈడి లెక్కే తలకిందులు" అని తోటి రైతులు నవ్వేవారు. నవ్వి, చేపల కూరకి మాత్రం గిన్నెలు పంపేవారు.

అమ్మ దగ్గరికి వెళ్ళివచ్చే మనిషొకడు దొరికాక ఆడవాళ్ళు ఊరుకుంటారా? ముడుపులు మొదలయ్యాయి. పసుపు గుడ్డలో కుంకం, గాజులు, వక్కలు, రవికె గుడ్డ పెట్టి మూటకట్టి, దానికో రాయి కట్టి పోలారావు చేతికిచ్చేవారు. ఓడ మీద ఒక ఇనుప స్తంభం నిటారుగా ఉండేది. అది అమ్మ చెయ్యి. ముడుపుని కొబ్బరి తాడుతో ఆ చేతికి కట్టి రావాలి. ఫాల్గుణంలో సముద్రం సద్దుమణిగి నీరు తేరుకున్నాక ఒక వారం ఇదే పని. అతను ఒడ్డుకొచ్చి "కట్టీసినాను తల్లీ" అంటే, ఆడవాళ్ళు అతని తడి చేతులు కళ్ళకద్దుకునేవారు.

ఇంతకీ అమ్మని అతను చూసిందెన్నడు? ఊపిరి నిలిచేది ఒక్క నిమిషం. ఉప్పునీళ్ళకి కళ్ళు మంట. ఎదురుగా నల్లటి నీడ ఒకటి, అంతే. అమ్మ చెయ్యి అతని చేతికి తెలుసు గాని కంటికి తెలీదు.

ఇలా పాతికేళ్ళకి పైనే గడిచాయి. తొంభైతొమ్మిది తుపానుకి కొబ్బరి తోట సగం నేలకొరిగినా మనిషి నిలబడ్డాడు. అతన్ని పడగొట్టింది రెండువేల రెండులో వచ్చిన జలుబు.

జోగమ్మది పక్క వీధి. భర్త లేడు. జీడిపప్పు పొట్టు తీసి తీసి వేళ్ళు నల్లబడిన మనిషి. వరసకి అక్క కాబట్టి పోలారావు ఆమెని అప్పా అని పిలుస్తాడు, ఆమె కొడుకు శ్యాంసుందర్ ఇతన్ని మావా అంటాడు. ఆ కుర్రవాడు టెక్కలిలో డిగ్రీ చదివి, పలాసలో కొలువు చూసుకుని, ఆర్నెల్లు తిరక్కుండా కాళ్ళు వాచి ఇంటికొచ్చాడు. కిడ్నీలన్నారు. అప్పటికే ఉద్దానం పల్లెల్లో వీధికి ఇద్దరు ముగ్గురు ఇలా మంచాన పడుతున్నారు. కొందరు నీళ్ళన్నారు, కొందరు మందులన్నారు, ఖాయంగా ఎవరికీ తెలీదు. జోగమ్మ పలాస తిప్పింది, టెక్కలి తిప్పింది, విశాఖ తిప్పింది. చివరికి ముడుపు కట్టింది. ఎర్రంచు పసుపు గుడ్డ, తొమ్మిది ఆకుపచ్చ గాజులు.

"నీ మేనల్లుడి పేరు సెప్పి గట్టిగా కట్టు పోలయ్యా" అని మోకాలిలోతు నీళ్ళలో నిలబడి సాగనంపింది.

ఆ వేళ పోలారావుకి ముక్కు దిబ్బడ. మూడు బారలు దిగేసరికి ఎడమ చెవిలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. పైకొచ్చి మళ్ళీ దిగాడు. మళ్ళీ అదే. మూడోసారి కళ్ళు బైర్లు కమ్మాయి, చెయ్యి సడలింది, ముడుపు జారిపోయింది. రాయి ఉంది కదా, అమ్మ దగ్గరికే పోతుందిలే అనుకున్నాడు. పోదని అతనికి తెలుసు. ఆ వేళ నీవాడు, అంటే లోపలి నీటి ఒరవడి, దక్షిణానికి లాగేస్తోంది, దిగువకి పోయే ప్రతిదాన్నీ పక్కకి ఈడ్చుకుపోతోంది.

ఒడ్డున జోగమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆ మొహం చూశాక కూడా లేదని చెప్పగలిగినవాడి గుండె రాయి అయ్యుండాలి. పోలారావుది కాదు. "కట్టీసినానప్పా" అనేశాడు. అతని చెవిలోంచి కారుతున్న నెత్తురుని ఆమె చూడలేదు, చేతులు కళ్ళకద్దుకోవడంలో ఉంది.

శ్రావణంలో శ్యాంసుందర్ పోయాడు. పాడె ముందు కొమ్ము పోలారావే పట్టాడు. ఆ తర్వాత చెవి సాకు చెప్పి ముడుపులు తీసుకెళ్ళడం మానేశాడు. తిండి తగ్గింది. ఇతనికీ ఆ జబ్బే పట్టిందేమోనని భార్య కృష్ణవేణి హడలిపోయి రక్తపరీక్ష చేయించింది. రక్తంలో ఏమీ లేదు. ఉన్నది పరీక్షలకి దొరికేది కాదు. జోగమ్మ కొడుకు ప్రాణం తన చేతిలోంచే జారిపోయిందని ఆ మనిషి నమ్మాడు. నాలుగేళ్ళు ఎవరికీ చెప్పకుండా మోశాడు.

రెండువేల ఆరు ఫాల్గుణంలో విశాఖ నుంచి ముగ్గురు దిగారు, జీపు నిండా గాలి సిలిండర్లతో. వాళ్ళకి పెద్ద రవిశంకర్ అని, నేవీలో చేసి బయటికొచ్చినాయన. సముద్రాల అడుగున ఉన్న పాత ఓడలు వెతికి వీడియో తీయడం ఆయనకి పిచ్చి. దారి చూపడానికి పడవలు సరేనన్నాయి, కానీ కిందికి దిగి చూపించేవాడు ఒక్కడే కదా.

"మీరూ మాతో దిగండి పోలారావుగారూ. సిలిండర్ పెడతాం. ముప్పావు గంట తీరిగ్గా చూడొచ్చు" అన్నాడు రవిశంకర్. "తీసిన వీడియో సీడీ చేసి పంపిస్తాను, మీ ఊరంతా టీవీలో చూద్దురుగాని."

ఊరంతా చూడ్డం అనేసరికి పోలారావు జోగమ్మ వీధి వైపు తిరిగాడు. జోగమ్మ చూస్తుంది. తన ముడుపేదని వెతుక్కుంటుంది. అది అక్కడ ఉండదు.

మర్నాడు పొద్దున్నే కాశీబుగ్గ బజారుకి పోయి ఎర్రంచు పసుపు గుడ్డ, తొమ్మిది ఆకుపచ్చ గాజులు కొన్నాడు. చచ్చిపోయినవాడికి ముడుపేమిటని బుద్ధి అడుగుతూనే ఉంది. చేతులు వినలేదు. ఇది దొరికిపోతానన్న భయమేనా అంటే, సగం అదే. మిగతా సగం, ఆలస్యంగానైనా ఇచ్చిన మాట చెల్లించాలన్న ఆరాటం.

"ఎవుల పేరున కడతన్నావు?" అని అడిగింది కృష్ణవేణి. పోలారావు మూట ముడి బిగించాడు. పలికించడం చేతనైన మనిషే అయినా, అతని మొహం చూసి ఆవిడ వదిలేసింది.

దిగడానికి ముందు ఒక పేచీ వచ్చింది. రవిశంకర్ కాళ్ళకి తొడుక్కునే రబ్బరు రెక్కలు చూపించగానే పోలారావు రెండడుగులు వెనక్కేశాడు.

"సెప్పులతో అమ్మ మీదకెల్తారేటి బాబూ?"

"చెప్పులు కావండీ. చేప తోకలాంటివి. ఇవి లేకపోతే ఇంత బరువుతో ఈదలేం."

"కాలికి తొడిగింది సెప్పే. ఎన్ని పేర్లైనా పెట్టండి."

పడవలోని వలపేటవాళ్ళందరూ పోలారావు వైపే మాట్లాడారు. చివరికి అమ్మ దాకా తొడుక్కుని, అమ్మని తాకేముందు విప్పి చంకన పెట్టుకునేటట్టు ఒప్పందం కుదిరింది. నేవీ మనిషి ఎన్ని తుపానులు చూశాడో గాని ఇలాంటి ఒప్పందం ఎన్నడూ చేసుకుని ఉండడు.

అసలు కష్టం అది కాదు. మూడు రోజులు మొలలోతు నీళ్ళలో నేర్పించారు. గొట్టం నోట్లో పెట్టుకున్న మరుక్షణం పోలారావు ఊపిరి బిగబట్టేవాడు. ఊళ్ళో ఎవడికీ లేని విద్య అది, దానితోనే కదా అతను మనిషయ్యాడు. ఇప్పుడు అదే పనికిరాదంటున్నారు. ఊపిరి ఆపి పైకొస్తే ఊపిరితిత్తులు చిరిగిపోతాయట. "పీల్చు, వదులు, ఆపకు" అని రవిశంకర్ గొంతు పోగొట్టుకున్నాడు. ఆఖరికి పోలారావే ఉపాయం కనిపెట్టాడు. కొబ్బరికాయలు లెక్కపెట్టినట్టు, ఒకటికి బదులు లాభం అంటూ, లోలోపల లెక్కపెట్టుకున్నాడు. లాభం, ఊపిరి. రెండు, ఊపిరి. మూడు, ఊపిరి. ఉద్దానం రైతు ఏది మరిచినా కాయల లెక్క మరవడు.

"చెవులు పట్టేస్తే ముక్కు మూసుకుని, నోరు మూసుకుని, గాలి మెల్లిగా చెవుల్లోకి ఊదండి" అన్నాడు రవిశంకర్ మూడో రోజున. పోలారావు ఊదాడు. టప్పుమని రెండు చెవులూ తేలికయ్యాయి.

"ఇదెవుడు సెప్పాడు బాబూ మీకు?"

"ఎవరు చెప్పడమేంటండీ, ఇది మొదటి రోజే నేర్పుతారు."

పోలారావు అలల అంచున ఇసుకలో కూలబడ్డాడు. వేలితో ముక్కు నొక్కుకోవడం. ఇంతే. ఇది నాలుగేళ్ళ కిందట తెలిసుంటే ముడుపు అమ్మ చేతికి చేరేది. పాతికేళ్ళు సముద్రం దిగిన తనకి ఇంత చిన్న సంగతి చెప్పే నాథుడు లేకపోయాడు. అతను మొహం కడుక్కుంటున్నాడని రవిశంకర్ అనుకున్నాడు. కడుక్కోవడం కాదు, ఏడుస్తున్నాడు.

నాలుగో రోజు పొద్దున్న కళ్ళకి అద్దాలు పెట్టుకుని దిగారు. నీరు లేత కొబ్బరినీళ్ళలా తేటగా, గోరువెచ్చగా ఉంది. లాభం, రెండు, మూడు. ముక్కు నొక్కుకుని ఊదుకుంటూ రవిశంకర్ చెయ్యి పట్టుకుని దిగాడు. మూడు బారల దగ్గర కిందికి చూసి లెక్క మరిచిపోయాడు.

అమ్మ అంత పొడుగుంటుందని అతనికి తెలీదు. కొబ్బరితోటకి ఈ చివరనుంచి ఆ చివర దాకా పడుకున్నంత ఉంది. ఎండ చారలు చారలుగా దాని మీద పడుతోంది. ఇనుమంతా ఎర్రటి, ఊదా రంగు పాకుడు పట్టి పూలతోటలా ఉంది. ఇంటంత గుండ్రటి బాయిలర్ లోంచి గొరక చేపలు గుంపుగా బయటికొచ్చి, మనుషుల్ని చూసి, పెద్దగా పట్టించుకోకుండా లోపలికి పోయాయి. పాతికేళ్ళు చీకట్లో తడిమిన తల్లి ఇంత అందంగా ఉంటుందా అని పోలారావు మనసు నిండిపోయింది. రవిశంకర్ అతని మోచెయ్యి గిల్లి, ఊపిరి పీల్చమని సైగ చేశాడు.

అమ్మ చేతి దగ్గర రబ్బరు రెక్కలు విప్పి చంకన పెట్టుకున్నాడు. స్తంభానికి తను కట్టిన కొబ్బరితాళ్ళు వరసగా ఉన్నాయి, మిగిలినవే ఇరవైకి పైన, గవ్వలు పట్టి రాయిలా బిగుసుకుని. గుడ్డ ఒక్కటి లేదు. గుడ్డలన్నీ సముద్రం ఎప్పుడో తినేసింది. కట్టినవి, కట్టనిది, అన్నీ ఒక్కలాగే పోయాయి. అంటే ఎవరూ కనిపెట్టలేరు. అయినా చొక్కాలోంచి ముడుపు తీశాడు. మేనల్లుడి పేరు మనసులో చెప్పుకుని మూడు ముళ్ళు వేశాడు. ఇది ఈ ఊరి ఆచారం కాబోలనుకుని రవిశంకర్ చేతులు జోడించాడు. ఆ తర్వాత తోటివాడు కెమెరాతో అటు వచ్చి స్తంభాన్ని కూడా తీశాడు.

పది రోజులకి సీడీ వచ్చింది. విశాఖవాళ్ళు రాలేదు, బస్సులో పంపారు. సర్పంచి గణపతిరావు ఇంటి అరుగు మీద సాయంత్రం టీవీ పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. అమ్మ కనబడగానే ఆడవాళ్ళు చెంపలేసుకున్నారు, మగాళ్ళు తలపాగాలు తీశారు. స్తంభం వచ్చింది, తాళ్ళు వచ్చాయి. ఆఖర్ని తెర మధ్యలో ఎర్రంచు పసుపు మూట, మెత్తగా ఊగుతూ.

"ఓలమ్మ, అది నా ముడుపే" అంది జోగమ్మ.

తెర దగ్గరికి జరిగింది. "నాదే. ఎర్రంచు సూడండి. నా గుంటడి పేరున కట్టింది. నాలుగేళ్ళైనా రంగైనా పోనేదు."

ఒక్కసారిగా గోల మొదలైంది. అందరివీ పోయి ఈవిడదొక్కటే నిలిచిందంటే మాటలా! ఒకామె జోగమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టింది. వలపేట పెద్ద కొబ్బరికాయ కొట్టిస్తానన్నాడు. పోలారావు స్తంభంలా నిలబడిపోయాడు. దొరికిపోతానని వణికిన మనిషి ఇప్పుడు శాశ్వతంగా బయటపడ్డాడు. ఇక నోరు మూసుకుంటే చాలు.

జోగమ్మ మాత్రం ఆనందపడలేదు. లేచి, కొంగు దులుపుకుని, టీవీ వైపు చూస్తూ అంది. "గుడ్డపీలిక ఇన్నాళ్ళు దాసిందా తల్లి! దాయడం సేతవునన్నమాట. మరి నా బిడ్డనెందుకు దాయనేదు? ముడుపు తీసుకుని కూడా కాదందన్నమాట నన్ను." ఇంకెవరి మాటా వినకుండా ఇంటికి పోయింది.

పోలారావు ఆ రాత్రి కూటి ముందునుంచి లేచిపోయాడు. జోగమ్మ అందరి మీదా కోపగించుకోగలదు, తట్టుకుంటుంది. ఓడమ్మే కాదందనుకుంటే మాత్రం ఆ మనిషి ఇక దేన్ని పట్టుకుని బతుకుతుంది? తన తప్పుకి అమ్మ నింద మోస్తోంది. ఇంతకన్నా దరిద్రం మరొకటుండదు.

తెల్లారాక వెళ్ళాడు. జోగమ్మ వసారాలో జీడిపప్పు ముందేసుకుని కూర్చుంది, పక్కన మరో ఇద్దరు ఆడవాళ్ళతో. వాళ్ళని పొమ్మనలేదు పోలారావు. ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అప్పా, నిన్న నువ్వు సూసింది నీ ముడుపు కాదు. నాను కొని, మొన్న కట్టినాను. నీది అమ్మకాడికి సేరనేదు. ఆ ఏడు నాకు సెవి నొప్పి. సగంలో వొగ్గీసినాను. కట్టీసినానని నీకు అబద్ధం సెప్పినాను."

పక్కనున్న ఇద్దరూ చేతులు ఆపేశారు. జోగమ్మ ఆపలేదు. రెండు పప్పులు పొట్టు తీసింది. మూడోది తీయబోయి చేతిలోనే ఉంచుకుంది.

"అయితే అమ్మ కాదననేదు."

"అననేదప్పా. అమ్మకి తెల్దు. తప్పు నాది."

ఆమె ఆ పప్పుని చేటలో పెట్టేసింది. కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు వాటంతటవే కారి పప్పు మీద పడ్డాయి. కొడుకు పోయిన రోజున కూడా ఆమె ఇలా ఏడవగా ఊళ్ళో ఎవరూ చూడలేదు. తిడుతుందనుకున్నాడు పోలారావు. తిడితే బాగుండుననుకున్నాడు. చేటతో కొట్టినా పడడానికి సిద్ధపడే వచ్చాడు.

"ఎంత దాకా తీసికెల్లావు?" అంది చివరికి.

"మూడు బారలు. సగం దాకా."

జోగమ్మ తలూపింది. "ఆడు మంచాన పడ్డాక బావలన్నోలు, మావలన్నోలు, ఓట్లకొచ్చినోలు, అందరూ నా గుమ్మం అవతలే నిలబడిపోనారురా. మంచినీలు కూడా ముట్టనేదు. ఆడి కోసం సగం దాకా ఎల్లినోడివి నువ్వొక్కడివే."

పోలారావు ఆమె ముందు తల వంచుకుని, ఆ ఇద్దరు ఆడవాళ్ళూ చూస్తుండగానే, వెక్కి వెక్కి ఏడ్చాడు.